మిషన్‌కి వెళ్తానంటున్న ఇంటర్ కుర్రాడు: ఓ తండ్రికి జవాబు

విశాఖపట్నం నుంచి ఓ తండ్రి రాశారు: "మావాడు ఈ ఏడే ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు, 18 నిండాయి. మా ఆవిడ, వాడు చర్చ్ ఆఫ్ జీసస్ క్రైస్ట్ ఆఫ్ లేటర్ డే సెయింట్స్‌కి వెళ్తారు, బయట మార్మన్లు అంటారు. నేను వెళ్లను. ఇప్పుడు మావాడు రెండేళ్లు మిషన్‌కి, అంటే వాళ్ల మతప్రచారానికి, వెళ్తాను, దరఖాస్తు పెడతాను అంటున్నాడు. ఏ దేశమైనా వేయొచ్చట, జీతం లేదట. అక్కడ రోజంతా ఏం చేస్తాడు? వచ్చాక వాడి ఇంజినీరింగ్ సంగతేంటి? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు."

నమస్తే అండి. మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన ముక్క "రోజంతా ఏం చేస్తాడు" అన్నది. ముందు దానికే జవాబు చెప్తాను, ఎందుకంటే వాడి వారం ఎలా గడుస్తుందో తెలియకుండా కెరీర్ గురించి ఎంత మాట్లాడుకున్నా గాల్లో మాటలే అవుతాయి.

నేనూ ఆ చర్చి మనిషిని కాను. కానీ నా దగ్గరికి సలహాకి వచ్చే హైదరాబాద్ కుర్రాడు ఒకడు ఫిలిప్పీన్స్‌లో రెండేళ్లు చేసి వచ్చాడు. మన తెలుగు పిల్లలకి ఇది కొత్తేమీ కాదు, దేశంలో వాళ్ల మొదటి స్టేక్, అంటే చాలా సంఘాల్ని కలిపిన పెద్ద విభాగం, 2012లో హైదరాబాద్‌లోనే ఏర్పడింది. వాడు ఇంటికి రాసే మెయిళ్లు నాకూ పంపేవాడు, అన్నీ చదివాను.

పొద్దున 6:30కి లేవాలి. కాసేపు వ్యాయామం, స్నానం, టిఫిన్, తర్వాత లేఖనాల చదువు, కొత్త భాష అయితే దానికి మళ్లీ విడిగా టైమ్. పది, పదకొండుకి రోడ్డెక్కితే మధ్యలో భోజనం తప్ప రాత్రి తొమ్మిది దాకా తిరుగుడే, కలుస్తామన్నవాళ్ల ఇళ్లకి వెళ్లడం, దారిలో కొత్తవాళ్లతో మాట కలపడం, ఎవరికైనా ఇంటిపనిలో సాయం పట్టడం, కొన్నిచోట్ల ఉచితంగా ఇంగ్లిష్ క్లాసులు చెప్పడం. తిరిగొచ్చి రేపటి ప్లాన్ రాసుకుని 10:30కల్లా పడుకోవాలి. సినిమాలు లేవు, అమ్మాయిలతో డేటింగ్ లేదు. ఈ రెండేళ్లూ పేరు ముందు ఎల్డర్ అని ఉంటుంది, చొక్కాకి నల్ల నేమ్ ట్యాగ్ ఉంటుంది.

ఇందులో అందరికీ కష్టమయ్యేది పక్క మనిషి. ఎప్పుడూ ఇద్దరిద్దరే తిరగాలి, కంపానియన్ అంటారు, ఒకే గదిలో ఉండాలి, ఒకరిని వదిలి ఒకరు బయటికి పోకూడదు, వాడు ఎవడో మీవాడు ఎంచుకోడు, సుమారు ఆరు వారాలకోసారి బదిలీలు వస్తాయి, అప్పుడు జోడీ మారొచ్చు, ఊరూ మారొచ్చు. మన కుర్రాడికి ఒకసారి పడిన జోడీ అసలు మాట్లాడేవాడు కాదట. మొదటి రెండు వారాలు ఏడుపొచ్చిందని రాశాడు. మూడో వారం మెయిల్‌లో, "ఈ రోజు వాడికి పప్పు వండి పెట్టాను సర్, రెండోసారి వడ్డించుకున్నాడు" అని ఉంది. ఆ ఒక్క వాక్యం నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే అప్పటికి వాడు ఇంట్లో తన కంచం కూడా తీయనివాడు.

సోమవారం వాళ్లకి ప్రిపరేషన్ డే, పీ-డే అంటారు. సెలవు అనుకోకండి. ఆ పూటే బట్టలు ఉతుక్కోవాలి, బజారుకి వెళ్లాలి, గది కడగాలి, జుట్టు కత్తిరించుకోవాలి, ఇంటికి రాయాలి, సాయంత్రం మళ్లీ పనిలోకి. మన కుర్రాడు అద్దెకున్న ఇంట్లో వాషింగ్ మెషీన్ లేదు, తెల్ల చొక్కాలన్నీ బకెట్‌లో నానబెట్టి కాలర్‌ని బ్రష్‌తో రుద్దేవాడు, వానాకాలంలో ఆరేవి కావు, తడి చొక్కా ఫ్యాన్ ముందు పట్టుకున్న ఫోటో పంపాడు. మధ్యలో ఓ రోజు దగ్గర ఊళ్లలోని మిషనరీలంతా కలిసి మీటింగు, ఆదివారం చర్చి, అంతే, మళ్లీ సోమవారం.

మీకు ఊరటనిచ్చే మాట ఒకటి చెప్పాలి. ఇదివరకు ఇంటికి ఫోన్ చేయనిచ్చేది ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కి, మదర్స్ డేకి. 2019 ఫిబ్రవరి నుంచి ప్రతి వారం పీ-డే రోజున ఫోన్, వీడియో కాల్ చేసుకోవచ్చు. కాబట్టి వారానికోసారి వాడి ముఖం చూస్తారు. చూసినప్పుడు చదువు గురించి దెబ్బలాడకండి, ఏం తిన్నావురా అని అడగండి.

ఇక చదువు. ఇక్కడే జాగ్రత్త పడాలి, చాలామంది పడరు.

రెండేళ్లే కదా అనుకుంటారు. మన అడ్మిషన్ల లెక్కలో అది మూడేళ్లవుతుంది. ఆగస్టులో బయల్దేరితే 24 నెలలకి మళ్లీ ఆగస్టులోనే దిగుతాడు, ఆ ఏడాది ఎప్‌సెట్ వేసవిలోనే అయిపోయి ఉంటుంది, ఇంకో ఏడాది ఇంట్లో కూర్చోవాలి. జేఈఈ మెయిన్ అయితే పరీక్ష ఏడాదిలోనో, దాని ముందు రెండేళ్లలోనో ఇంటర్ పాసైనవాళ్లకే, అంటే వచ్చేసరికి ఆ తలుపు మూసుకుపోతుంది. ఎప్‌సెట్‌కి ఆ గొడవ లేదు, గ్యాప్ సర్టిఫికెట్ పెట్టుకుంటే సరిపోతుంది, కానీ మరిచిపోయిన లెక్కలు, ఫిజిక్స్ మళ్లీ మొదట్నుంచి పట్టాలి. తర్వాత క్యాంపస్ ప్లేస్‌మెంట్లలో చాలా ఐటీ కంపెనీలు చదువులో గ్యాప్ ఎంత అని అడుగుతాయి, కొన్ని రెండేళ్లు దాటితే ఫారమ్ కూడా నింపనివ్వవు. మూడేళ్లయితే అక్కడ దెబ్బ పడుతుంది.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. అబ్బాయిలు 18 నుంచి 25 లోపు ఎప్పుడైనా వెళ్లొచ్చు. బీటెక్ అయ్యాక, 22కి వెళ్తే పైన చెప్పిన ఇబ్బందుల్లో సగం ఉండవు, పైగా కాస్త వయసొచ్చి వెళ్తాడు. ఇప్పుడే వెళ్తానని పట్టుబడితే బయల్దేరే తేదీ చూసుకోండి, జనవరి ఫిబ్రవరిల్లో వెళ్తే రెండేళ్లకి అదే నెలల్లో వస్తాడు, ఎప్‌సెట్‌కి మూడు నాలుగు నెలలు చేతిలో ఉంటాయి, గ్యాప్ మాత్రం అదే మూడేళ్లు. బీటెక్ మధ్యలో ఆపి వెళ్లడం మాత్రం వద్దు, తిరిగొచ్చేసరికి సిలబస్ మారిపోతుంది, రీఅడ్మిషన్ కాగితాల చుట్టూ తిరగాల్సి వస్తుంది. ఆ చర్చివాళ్లకి బీవైయూ పాత్‌వే అని ఆన్‌లైన్ చదువుంది, ఫీజు తక్కువే, కానీ ఆ డిగ్రీ మన దగ్గర ప్రభుత్వోద్యోగానికి, పీజీకి చెల్లుతుందో లేదో కనుక్కున్నాకే చేర్పించండి.

డబ్బు సంగతి. జీతం లేదన్నది నిజమే, పైగా ఇంటి నుంచి కట్టాలి. అమెరికా కుటుంబాలు 2020 జూలై నుంచి నెలకి 500 డాలర్లు కడుతున్నాయి, మిగతా దేశాల లెక్క వేరు, స్తోమత లేకపోతే సాయం ఉంటుంది. మీ ఆవిడతో కలిసి మీరే వెళ్లి అక్కడి బ్రాంచ్, అంటే మీ ఊరి సంఘం, పెద్దని అడగండి, మీరు సభ్యులు కాకపోయినా తండ్రిగా అడిగే హక్కు మీకుంది. దేశం మీవాడు కోరుకునేది కాదు, చర్చి పంపే పిలుపులో ఏదొస్తే అది, బెంగళూరు మిషన్‌కే వేసినా వేయొచ్చు.

ఉద్యోగానికి ఇది పనికొస్తుందా అంటే, హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో ప్రొఫెసర్‌గా పెద్ద పేరు తెచ్చుకుని 2020లో చనిపోయిన క్లేటన్ క్రిస్టెన్సెన్ 1970ల్లో కొరియాలో ఇదే మిషన్ చేసినాయన. అలాగని హైటెక్ సిటీలో హెచ్‌ఆర్‌కి మిషన్ అంటే ఏంటో తెలియదు, మీవాడే చెప్పాలి. మన కుర్రాడు వచ్చాక నేను మాక్ ఇంటర్వ్యూ పెట్టాను. గ్యాప్ ఎందుకు అంటే మొదట మతం గురించి పది నిమిషాలు చెప్పాడు, ఆపించాను. రెండోసారి, "ఊరు తెలియదు, భాష తెలియదు, ఆరు నెలల్లో తగలోగ్‌లో మాట్లాడాను, రోజూ చాలామంది వద్దు పొమ్మన్నా మర్నాడు మళ్లీ వెళ్లాను, కొత్తగా వచ్చిన ముగ్గురికి పని నేర్పాను" అన్నాడు. ఇవన్నీ జరిగినవే, ఒక్కటీ కల్పించలేదు, వాడి సోమవారం మెయిళ్లలో తేదీలతో సహా ఉన్నాయి. అందుకే మీవాడికి ఇప్పుడే చెప్పండి, ప్రతి సోమవారం "బాగున్నాను" అని కాకుండా ఆ వారం ఏం చేశాడో రాయమని.

ఆఖరుది, మీరిద్దరూ లేకుండా వాణ్ణి ఒక్కణ్ణే కూర్చోబెట్టి ఎవరైనా అడగాలి, ఇది నీ కోరికా, అమ్మ కోరికా, సంఘంలో అందరూ వెళ్తున్నారనా అని. తన కోరిక కానివాడికి ఆ 6:30 లేవడాలు, ఆ తలుపులు మోగించడాలు నరకం. మధ్యలో తిరిగొచ్చేసినా తప్పేమీ లేదని, గుమ్మం తెరిచే ఉంటుందని వాడు మీ నోటి నుంచి వినాలి. దరఖాస్తులో ఎప్పట్నుంచి బయల్దేరగలవని అడుగుతారు. ఆ తేదీ రాసేముందు ఒకసారి వాణ్ణి నా దగ్గరికి పంపండి.