బోనస్ డబ్బుతో 5070 గ్రాఫిక్స్ కార్డు కొనాలా? ముందు ఆ క్రెడిట్ కార్డు బాకీ చూడండి

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. మియాపూర్‌లో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. చేతికి నెలకు రూ.48 వేలు వస్తుంది, పది వేలు ఇంటికి పంపుతాను. నా పీసీలో ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు (12 జీబీ మెమరీ), రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 550 వాట్ల ఎస్ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే పెట్టె) ఉన్నాయి. మానిటర్ మామూలు 1080పీ, 75 హెర్ట్జ్‌ది. గేమ్స్ ఆడతాను. ముహూర్తాలున్న నెలల్లో ఫొటోగ్రాఫర్ ఫ్రెండ్‌కి రెండు మూడు పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి పెడతాను, ఒక్కోదానికి ఏడెనిమిది వేలు ఇస్తాడు. ఈమధ్య రూ.70 వేలు బోనస్ వచ్చింది. ఆర్‌టీఎక్స్ 5070 తీసుకుందామని ఉంది. ఫ్రెండ్స్ నో కాస్ట్ ఈఎంఐలో తీసుకోమంటున్నారు. కొనవచ్చా? క్రెడిట్ కార్డు మీద ఓ 38 వేలు బాకీ ఉంది, మినిమమ్ కడుతున్నాను.

జవాబు: ఉత్తరం మొత్తంలో అసలు విషయం చివరి వాక్యంలో ఉంది. పోతూ పోతూ చెప్పినట్టు చెప్పారు గానీ, నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

చాలా కార్డుల మీద నెలకు మూడున్నర శాతం వడ్డీ పడుతుంది. 38 వేల మీద అది రూ.1,330. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే దాదాపు రూ.1,570. మీరు కట్టే మినిమమ్ సుమారు 5 శాతం అనుకుంటే రూ.1,900. అంటే నెలంతా గడిచాక మీ అసలు తగ్గేది మూడు వందల చిల్లర. పైగా పాత బాకీ మిగిలి ఉన్నంతకాలం కొత్తగా గీకిన దేనికీ వడ్డీ లేని గడువు ఉండదు. ఆ కార్డుతో కొన్న పాల ప్యాకెట్‌కి కూడా కొన్న రోజు నుంచే వడ్డీ. ఈ లెక్కన ఏడాదికి 18 వేలకు పైగా పోతుంది. బోనస్‌లోంచి 38 వేలు ఈ వారమే కట్టేయండి. ఇందులో రెండో ఆలోచన లేదు.

మిగిలేది 32 వేలు. ఇప్పుడు గ్రాఫిక్స్ కార్డు గురించి మాట్లాడదాం.

"కార్డుకి పెట్టే ఈ అరవై వేలు మ్యూచువల్ ఫండ్‌లో వేస్తే ఇరవై ఏళ్లకి ఎంతవుతుందో తెలుసా" అని నేను అనను. ఆ లెక్క చూపించి బిర్యానీ దగ్గర్నుంచి బైక్ దాకా దేన్నైనా ఆపేయొచ్చు. సంపాదించే కుర్రాడు తన సరదాకి ఖర్చుపెట్టుకోవడం తప్పేమీ కాదు. నేను చూసేదల్లా పెట్టిన డబ్బుకి తగ్గది చేతికొస్తుందా లేదా అని.

2025 జనవరిలో లాస్ వేగాస్‌లో, ఈ కార్డులు తయారుచేసే ఎన్విడియా అధిపతి జెన్సెన్ హువాంగ్ 5070ని చూపించి, 549 డాలర్లకే పాత తరం ఖరీదైన కార్డు 4090 స్థాయి పనితీరు అన్నారు. 4090 విడుదల ధర 1,599 డాలర్లు. ఆ మాట వినగానే ఎవరికైనా చెయ్యి జేబులోకి వెళ్తుంది. కానీ ఆ పోలిక మల్టీ ఫ్రేమ్ జనరేషన్ మీద నిలబడింది. కార్డు నిజంగా గీసిన ఒక్కో ఫ్రేమ్‌కి మరో మూడు ఫ్రేముల దాకా ఏఐతో అల్లి మధ్యలో ఇరికిస్తారు. తెర మీద కదలిక నున్నగా కనిపిస్తుంది, కానీ మీరు మౌస్ నొక్కితే స్పందించే వేగం ఆ నిష్పత్తిలో పెరగదు. ఇక మీ మానిటర్ సెకనుకు 75 ఫ్రేములకు మించి చూపించలేదు. 200 ఫ్రేములు పుట్టించే కార్డు కొని 75 చూస్తానంటే ఆ మిగతా డబ్బు ఎటు పోయినట్టు?

అల్లిన ఫ్రేములు పక్కన పెట్టినా 5070 మీ 3060 కంటే రెట్టింపుకు పైనే బలమైనది. కాదనను. అయితే ఆ బలం కనబడాలంటే 1440పీ (1080పీ కంటే ఎక్కువ స్పష్టత ఉన్న) మానిటర్ కావాలి. 1080పీలో మీ 3600 ప్రాసెసరే ముందు అలిసిపోతుంది, పాత పైపులకి పెద్ద మోటారు బిగించినట్టు అవుతుంది. ఆడుతున్నప్పుడు ఆఫ్టర్‌బర్నర్ (కార్డు మీద పడే భారం చూపించే ప్రోగ్రామ్) పెట్టుకుని చూడండి. జీపీయూ, అంటే గ్రాఫిక్స్ కార్డు, వాడకం 98, 99 శాతం దగ్గర నిలబడితే కార్డే చాలడం లేదని అర్థం. 60, 70 దగ్గర ఊగుతూ ఉంటే మార్చాల్సింది ప్రాసెసర్. మీ బోర్డుకే బయోస్ (బోర్డును నడిపే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి రైజెన్ 5 5600 వేసుకోవచ్చు, ఖర్చు పది వేల చుట్టూ ఉంటుంది.

ఇప్పుడు అసలు ధర కట్టి చూద్దాం. 5070 మన దేశంలో రూ.59 వేలకు మొదలైంది. అరవై అనుకుందాం. ఆ కార్డుకి 650 వాట్ల ఎస్ఎంపీఎస్ ఉండాలని కంపెనీయే చెబుతుంది, దానికో ఆరు వేలు. 1440పీ, ఎక్కువ హెర్ట్జ్ మానిటర్‌కి ఇరవై వేలు. పాత 3060 అమ్మితే పన్నెండు వేలు వస్తుందనుకుంటే, నికరంగా 74 వేలు. మీ బోనస్ మొత్తం పెట్టినా చాలదు. అరవై వేల కార్డు అని మీరు అనుకుంటున్నది నిజానికి 74 వేల కొనుగోలు.

అమెరికాలో ఉన్న అన్నయ్యో బావగారో తెస్తే చవక కదా అని అడుగుతారేమో. 549 డాలర్లను అప్పటి 86 రూపాయల లెక్కన మార్చి, మన 18 శాతం జీఎస్టీ కలిపితే రూ.55,700 దాటుతుంది. తేడా మూడు వేల పైచిలుకు. అక్కడి సేల్స్ ట్యాక్స్, ఇక్కడ కస్టమ్స్ బెడద, వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో అన్న అనుమానం... ఆ మూడు వేల కోసం అంత తలనొప్పి అక్కర్లేదు.

నో కాస్ట్ ఈఎంఐ గురించి. 2013లోనే రిజర్వు బ్యాంకు సున్నా వడ్డీ ఈఎంఐ పథకాలను తప్పుపట్టింది. ఇప్పుడు జరిగేది వేరు: బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ మేరకు అమ్మేవాడు ముందే ధర తగ్గిస్తాడు. రూ.60 వేలు, 12 నెలలు, 15 శాతం వడ్డీ అనుకుంటే లోపల దాగిన వడ్డీ రూ.4,600. దాని మీద జీఎస్టీ రూ.830 దాకా మీ జేబులోంచే పోతుంది, ప్రాసెసింగ్ ఫీజు అదనం. మొత్తం మీద వెయ్యి రూపాయలు. అదేమంత ఘోరం కాదు. నా బాధ ఇంకొకటి. ఒకేసారి డబ్బు కడితే షాపువాడు తగ్గించే వెయ్యో రెండు వేలో ఈఎంఐలో అడగలేరు. పైగా మీరు ఆ ఐదు వేల వాయిదాను ఎడిటింగ్ డబ్బుతో కడదామనుకుంటున్నారని నా అనుమానం. ఆషాఢం, భాద్రపదం వస్తాయి, మూఢం వస్తుంది. ముహూర్తాలు ఆగుతాయి, వాయిదా ఆగదు. అప్పుడు మళ్లీ మినిమమ్ కట్టడం మొదలవుతుంది.

కాబట్టి గేమ్స్ కోసమైతే ఇప్పుడు వద్దు. ఈలోగా ఎన్విడియా డీఎల్ఎస్ఎస్ 4లో వచ్చిన కొత్త అప్‌స్కేలింగ్ (తక్కువ స్పష్టతతో గీసిన బొమ్మను ఏఐతో పెంచే) మోడల్ మీ 3060లోనూ పనిచేస్తుంది, డ్రైవర్ అప్‌డేట్ చేసుకుని ఎన్విడియా యాప్‌లో దాన్ని ఎంచుకుంటే చాలు. పాత కార్డుకి పైసా ఖర్చులేకుండా దొరికిన మెరుగు అది, బొమ్మ స్పష్టతలో తేడా తెలుస్తుంది.

ఎడిటింగ్ సంగతి మాత్రం వేరు. ఇక్కడ కొత్త తరం కార్డుకి నిజమైన కారణం ఉండొచ్చు. ఈ రోజుల్లో పెళ్లిళ్లు తీసే సోనీ, కెనాన్ కెమెరాల్లో చాలామంది 4:2:2, 10 బిట్ పద్ధతిలో (రంగుల వివరం ఎక్కువగా ఉండే పద్ధతి) తీస్తున్నారు. 3060, ఆ తర్వాత వచ్చిన 40 సిరీస్ కార్డులు కూడా ఆ ఫైళ్లను హార్డ్‌వేర్‌లో విప్పలేవు. బరువంతా ప్రాసెసర్ మీద పడుతుంది. తలంబ్రాల సీన్‌లో ఒక కట్ పెట్టి ప్లే నొక్కితే బొమ్మ ఆగి ఆగి కదలడం, మంగళవాద్యాలు ఒక దారిన, వీడియో ఒక దారిన పోవడం మీకు తెలిసే ఉంటుంది. 5070 ఉన్న 50 సిరీస్‌లో 4:2:2ను విప్పే ఏర్పాటు వచ్చింది, ఎడిటింగ్ ప్రోగ్రామ్ ప్రీమియర్ కొత్త వెర్షన్లు దాన్ని వాడుకుంటాయి. ఇందుకు 5070 అక్కర్లేదు, 5060కి కూడా ఆ శక్తి ఉంది.

ఫ్రెండ్ ఇచ్చిన ఫైల్ ఒకటి తీసి మీడియాఇన్ఫోలో (ఫైల్ వివరాలు చూపించే ప్రోగ్రామ్) తెరవండి. 4:2:0 (రంగుల వివరం తక్కువ ఉండే మామూలు పద్ధతి) అని ఉంటే కొత్త కార్డు మీకు ఈ విషయంలో ఒరగబెట్టేదేమీ లేదు. 4:2:2 అని ఉంటే ముందు ఈ సీజన్‌కి ప్రాక్సీలతో (ఎడిటింగ్ కోసం చేసుకునే తేలికపాటి నకళ్లు) లాక్కురండి. రాత్రి పడుకునేముందు ప్రాక్సీలు పెట్టేస్తే తెల్లారేసరికి తయారవుతాయి, ఖర్చు కొంచెం డిస్క్ జాగా. అలా చేశాక కూడా చెప్పిన తేదీకి వీడియో ఇవ్వలేక పని వదులుకోవాల్సి వస్తే, పోయిన ఆ ఏడెనిమిది వేలు ఒక కాగితం మీద రాసుకోండి. సీజన్ అయ్యేసరికి అలాంటివి మూడు నాలుగు ఉంటే కార్డు తన ఖర్చు తాను రాబట్టుకుంటుంది. ఒక్కటీ లేకపోతే కొనాలన్న కోరిక గేమ్స్ కోసమే అనుకోండి.

కొనాల్సి వస్తే నా ఓటు 16 జీబీ 5060 టీఐకి. 5060లో ఉన్నది 8 జీబీ మెమరీయే, మీ పాత కార్డు కంటే తక్కువ. 5060 టీఐ మీ బోర్డులో కొద్దిగా వేగం పోగొట్టుకుంటుంది, అది పట్టించుకునేంత కాదు. మీ 3060 తినేది 170 వాట్లు, ఇది 180. అధికారికంగా 600 వాట్ల ఎస్ఎంపీఎస్ అంటారు, మీది మంచి కంపెనీదైతే ఇబ్బంది రాకపోవచ్చు, అయినా మోడల్ పేరు చెప్పి షాపులో అడగండి. మానిటర్ జోలికి వెళ్లకండి.

డబ్బు ఎలా అంటే, మిగిలిన 32 వేలలో పది వేలు సేవింగ్స్‌లో కదపకుండా ఉంచండి. నెల జీతం కూడా పక్కన లేనివాళ్లకి అదే మొదటి మెట్టు. 22 వేలు వేరే ఖాతాలో వేయండి. దానికి ఈ సీజన్ ఎడిటింగ్ డబ్బు, పాత కార్డు అమ్మగా వచ్చింది కలిస్తే ఈఎంఐ లేకుండా సరిపోతుంది. "ఆగితే ధర పెరుగుతుందేమో" అన్న భయం పూర్తిగా ఉత్తిదని చెప్పను. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు బాగా ఎగిశాయి, ఆ సెగ కార్డులకూ తగులుతుంది. పెరిగితే పెరగనివ్వండి. బాకీ తీర్చడం వల్ల నెలనెలా మిగిలే పదిహేను వందలు దానికి అడ్డం పడతాయి.

వ్యాపార ఖర్చుగా చూపించి పన్ను తగ్గించుకోవచ్చని ఎవరైనా చెబితే పట్టించుకోకండి. కంప్యూటర్ల మీద 40 శాతం తరుగుదల చూపించే వీలున్న మాట నిజమే. కానీ మీ జీతం, ఎడిటింగ్ ఆదాయం కలిపినా కొత్త పన్ను విధానంలో రిబేట్ పరిధి అయిన 12 లక్షలకు చాలా దిగువన ఉంటారు. కట్టని పన్నులో తగ్గించుకునేదేముంది? రిటర్న్‌లో ఎడిటింగ్ ఆదాయం చూపించడం మాత్రం మానకండి. రేపు ఇంటి లోన్‌కి అదే పనికొస్తుంది.

కొనే రోజు సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్) వెళితే నాలుగు షాపుల్లో ధర అడగండి, ఆన్‌లైన్ ధర ఫోన్‌లో పెట్టుకుని మరీ అడగండి. 5060 టీఐ అనే పేరుతోనే 8 జీబీది కూడా ఉంది, తక్కువ ధర చెప్పి అది చేతిలో పెట్టే అవకాశం ఉంది కాబట్టి బాక్స్ మీద 16 అని చూసుకున్నాకే డబ్బు ఇవ్వండి. బిల్లు మీ పేరున, సీరియల్ నంబర్‌తో రాయించుకోండి.