‘రక్షణ పొందడం’ తెలుగేనా?

సందేహం: మా వీధిలో ఒకావిడ నన్ను సొంత చెల్లెలికంటే ఎక్కువగా చూసుకుంటుంది. ఆదివారం కూడిక నుంచి వస్తూ మా అరుగు మీద కూలబడి, “రక్షణ పొందావా చెల్లీ? పొందకపోతే నరకమే. తెలిసీ నీకు చెప్పకపోతే ఆ పాపం నాది” అంటుంది. రక్షణ అంటే పోలీసులు కల్పించేది కదండీ? మోక్షం అనాలేమో. ‘రక్షణ పొందడం’, ‘రక్షింపబడడం’ సరైన తెలుగేనా? ఆవిడ చెప్పే నరకం, మన పురాణాల నరకం ఒకటేనా? – ఒక పాఠకురాలు, పాలకొల్లు

సమాధానం: మీ ఉత్తరం చదివితే మీ అక్కగారి మీద ముచ్చటేసింది, మీ మీద కాస్త కోపమొచ్చింది. క్షీరారామ గోపురం నీడన ఉంటూ రక్షణను పోలీసులకు రాసిచ్చేశారేమిటమ్మా? చిన్నప్పుడు బడిలో అప్పజెప్పిన పోతనగారి పద్యం ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. మొసలి నోట చిక్కిన ఏనుగు, లావు ఒక్కింతయు లేదని, ధైర్యం సడలిందని, ప్రాణాలు ఠావులు తప్పాయని ఒక్కొక్కటీ ఏకరువు పెట్టి, చివరికి ఏమంటుంది?

రావే యీశ్వర! కావవే వరద! సంరక్షింపు భద్రాత్మకా!

ఒకే పాదంలో ఒకే అర్థానికి రెండు క్రియలు, ‘కావవే’ అచ్చతెలుగు, ‘సంరక్షింపు’ సంస్కృతం. పునరుక్తి అని ముక్కు విరిచేవాళ్లను నేను చూశాను. మునిగిపోయేవాడు ఒకే భాషలో అరుస్తాడా? ఇంట్లో మాట్లాడుకునే మాటా, గుళ్లో విన్న మాటా రెండూ ఒక్క ఊపిరిలో బయటికొస్తాయి. ఆ ఘట్టానికి మనం పెట్టుకున్న పేరు గజేంద్రమోక్షం. ఆ పద్యంలో మాత్రం మోక్షమన్న మాటే లేదు. గట్టు మీద ఉన్నవాడికి అది మోక్షకథ, నీళ్లలో ఉన్నవాడికి కావలసింది రక్ష.

మీ ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. మోక్షం, ముక్తి రెండూ విడుదల అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చాయి. బంధం తెగాలి, జనన మరణాల చక్రం ఆగాలి. దానికి జ్ఞానం, కర్మ, భక్తి ఇలా దారులు చాలా చెప్పారు. క్రైస్తవుల మాట వేరు. మనిషి పాపంలో పడ్డాడు, తన పుణ్యకార్యాలతో తాను పైకి రాలేడు, క్రీస్తు సిలువ మీద చేసినదాన్ని నమ్మి అందుకోవడమొక్కటే దారి అంటారు. రెండోవాడు లేనిదే నడవని క్రియ కావాలి కాబట్టి పాత అనువాదకులు ‘రక్షణ’ను పట్టుకున్నారు. యేసు అన్న పేరుకు హీబ్రూ మూలంలో ఉన్న అర్థం కూడా రక్షణే. గ్రీకు మూలంలో దీనికి వాడిన క్రియకు రోగం నయం చేయడమనే అర్థమూ ఉంది. అందుకే సువార్తల్లో అదే క్రియను మనవాళ్లు ఒకచోట ‘రక్షించు’ అని, ఇంకోచోట ‘స్వస్థపరచు’ అని తెలిగించారు. వాళ్లను తప్పుపట్టను. నా బెంగల్లా, ఏనుగు ‘కావవే’ అన్నదానిలోని ‘కావు’ను వదిలేశారే అని.

కావు, కాచు, కాయు అన్నీ ఒక్క వేరువే. కాపు, కాపరి, కావలి, కాపాడు దాని కొమ్మలు. కన్నడంలో ‘కాయు’, తమిళంలో ‘కావల్’ దాని చుట్టాలే. తమిళనాట పోలీసుశాఖ పేరే కావల్‌తుఱై. మనం పోలీసును రక్షకభటుడన్నాం. కాబట్టి పోలీసు సంగతిలో మీ గొడవ మరీ గాలిలోది కాదని ఒప్పుకుంటాను. “కంచే చేను మేస్తే కాపు ఏమి చేయగలడు” అన్న సామెతలో కాపు కులం కాదు, చేను కాచేవాడు. పాలు కాచడం, చెట్టు కాయడం, వెన్నెల కాయడం ఈ ఇంటివి కావు. రూపంలో కలిశాయంతే.

1986 ఆగస్టు వరదలో వశిష్ఠ గోదావరి గట్టు మీద మా ఊరివాళ్లమంతా పెట్రోమాక్సు దీపాలు, ఇసుక బస్తాలు పెట్టుకుని మూడు రాత్రులు కూర్చున్నాం. “గట్టు రక్షణకు ఎవరెవరొస్తార్రా?” అని ఒక్కడూ అడగలేదు. “గట్టు కాయడానికి ఎవరొస్తార్రా?” అనే అడిగారు. నిద్రపోకుండా, కన్ను తిప్పకుండా, నీటి మట్టం అంగుళం అంగుళం చూస్తూ ఉండడం కాయడం. రక్షణలో ఆ జాగారం వినపడదు. ‘మంచి కాపరి’ అన్నచోట అనువాదకుల చెవి సరిగ్గా పలికింది. రక్షకుడన్నచోట ఎందుకో సంస్కృతం వైపు ఒరిగింది. గంభీరంగా ఉంటుందనుకున్నారేమో.

ఆ సంస్కృత ధాతువుకూ ఒక చమత్కారమైన కథ ఉంది. బ్రహ్మ నీటిని సృష్టించి, పుట్టిన ప్రాణులను దాన్ని కాచుకోమన్నాడట. ‘రక్షామః’ అన్నవాళ్లు రాక్షసులయ్యారు, ‘యక్షామః’ అన్నవాళ్లు యక్షులయ్యారు. రామాయణం ఉత్తరకాండలోది. కాపలాకు ఒప్పుకున్నవాడే రాక్షసుడన్నమాట! శాస్త్రీయమైన వ్యుత్పత్తి కాదనుకోండి, అయినా మన కాలవల మీద నీటి పంపకం చూసినవాళ్లెవరూ కొట్టిపారేయరు.

ఇక ‘రక్షింపబడడం’. ఈ ‘బడు’ను చూస్తే నాకు “ఇచ్చట సైకిళ్లు బాగుచేయబడును” అన్న బోర్డు గుర్తొస్తుంది. తెలుగువాడు భయపడతాడు, బాధపడతాడు, మాట పడతాడు. బాగుచేయబడడు. ‘రక్షణ పొందాను’ అనండి, చక్కగా ఉంటుంది. అయితే తాను చేసిందేమీ లేదని, తనకు జరిగిందని చెప్పుకోవడం ఈ విశ్వాసానికి ప్రాణం కాబట్టి, ఆ ‘బడు’ను పూర్తిగా కొట్టేయడానికి నాకు చేయి రావడం లేదు. అటూ ఇటూ కాని తీర్పంటారా? కానివ్వండి.

‘పొందావా?’ అన్న భూతకాలం కూడా ఊరికే రాలేదు. ఇంగ్లండు నుంచి 1836లో బయలుదేరి వచ్చి నరసాపురం, పాలకొల్లులలో స్థిరపడిన బౌడెన్, బీర్ దంపతులు బ్రదరెన్ అనే క్రైస్తవ సమాజం మిషనరీలు. ఆ దారిలో నడిచేవాళ్లకు రక్షణ అంటే బతికుండగానే ఫలానా రోజున జరిగిన సంగతి, తారీకు చెబుతారు. పసిపిల్లలకు బాప్తిస్మమిచ్చే రాజమండ్రి లూథరన్లను తారీకు అడిగితే వాళ్ల జవాబు ఇంకోలా ఉంటుంది. అపొస్తలుల కార్యాల్లో ఫిలిప్పీ చెరసాల నాయకుడు భూకంపం వచ్చిన రాత్రి “రక్షణ పొందుటకు నేనేమి చేయవలెను” అని ఖైదీలను అడుగుతాడు. కావలి కాయడం వాడి ఉద్యోగం, వాడికే కాచేవాడు కావలసివచ్చింది. అక్కడ గనక ‘కావు’ వాడి ఉంటే!

నరకం సంగతి క్లుప్తంగా. పేరు ఒకటే, ఊళ్లు వేరు. భాగవతం అయిదో స్కంధంలో తామిస్రం, రౌరవం, కుంభీపాకం మొదలుగా 28 నరకాలున్నాయి. శిక్ష తీరాక మళ్లీ పుట్టుక ఉంటుంది. క్రైస్తవుల్లో ఎక్కువమంది నమ్మే నరకం నుంచి తిరిగి రావడం లేదు. దుష్టులు చివరికి లేకుండా పోతారని, అందరూ ఏదో ఒకనాటికి దేవుణ్ణి చేరతారని నమ్మేవాళ్లు వాళ్లలోనూ కొందరున్నారు. గ్రీకులో ఆ మాట ‘గెహెన్నా’. అది యెరూషలేము పక్కనున్న హిన్నోము లోయ పేరు, ఒకప్పుడు పిల్లలను అగ్నికి ఆహుతిచ్చిన చోటు. దానికి నరకం పెట్టారు, సరే. చనిపోయినవాళ్లుండే చోటుకు ‘పాతాళం’ పెట్టడమే నాకు కొరుకుడు పడదు. విష్ణుపురాణంలో నారదుడు పాతాళం చూసొచ్చి స్వర్గంకంటే బాగుందన్నాడు! లూకా సువార్తలో ధనవంతుడు యాతన పడేది ఆ పేరున్న చోటే. కథోలికులకు ‘ఉత్తరించు స్థలం’ అని ఇంకొకటుంది. రక్షణ పొందినవాళ్లే శుద్ధి కావడానికి ఉండే చోటు. ఉత్తరించడమంటే దాటడం. తల ఉత్తరించడమొక్కటే తెలిసిన పిల్లలు జడుసుకుంటారు పాపం.

సువార్త, అంటే మంచి వార్త, గ్రీకు మాటకు ముక్కకు ముక్క అతికిన అనువాదం. ఫ్లెక్సీల మీద ‘సువార్థ మహాసభలు’, ‘ప్రార్ధన కూటములు’ అని వేస్తున్నారు. ప్రార్థన దగ్గర కాజేసిన థకారాన్ని సువార్తకు దానం చేస్తున్నట్టున్నారు. వెనక్కి తీసుకుని ఎవరిది వాళ్లకిచ్చేయండి నాయనా!

చివరగా, “చెప్పకపోతే పాపం నాది” అనడం మీ అక్కగారి సొంత బెదిరింపు కాదు. పౌలు కొరింథీయులకు రాస్తూ సువార్త ప్రకటించవలసిన ‘భారము’ తన మీద ఉందని, ప్రకటించకపోతే తనకు ‘శ్రమ’ అని అన్నాడు. శ్రమ అంటే కూలిపని అనుకునే నేటివాళ్లకు కష్టం, బాధ అన్న అర్థంలో ఈ శ్రమ వింతగా ఉంటుంది. గుడ్ ఫ్రైడేకి ముందు ‘శ్రమల దినాలు’ అన్నా అంతే. కానీ పై పద్యంలో ఏనుగు ‘శ్రమంబయ్యెడిన్’ అన్నది ఈ అర్థంలోనే. మనం పోగొట్టుకున్న అర్థాన్ని సంఘాలవాళ్లు దాచిపెట్టారు.

ఇప్పుడు మీరు నాకో పని చేసిపెట్టాలి. మీ అక్కగారు గొంతెత్తి ప్రార్థన చేసేటప్పుడు, ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే దేవుణ్ణి ‘రక్షించు’ అంటారో, ‘కాపాడు’ అంటారో, ‘కాయి తండ్రీ’ అంటారో చెవి పెట్టి విని ఒక కార్డు ముక్క రాయండి.