స్కాన్ అయిపోయిందని కట్టలు పారెయ్యనివ్వకు

చిన్నీకి,

అత్తయ్య ఆశీస్సులు. సర్కారు పాత రికార్డులు కంప్యూటర్లోకి ఎక్కించి, జనం ఇంటి నుంచే చూసుకునేలా చేసే పనికి ఒప్పుకున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. నా ఉద్యోగమంతా రికార్డు రూముల్లోనే గడిచింది కాబట్టి గర్వంగా ఉంది. కంగారుగానూ ఉంది, అందుకే ఈ ఉత్తరం.

చెన్నై ఎగ్మోర్‌లో ఆ ఎర్ర భవనం, అదే తమిళనాడు ఆర్కైవ్స్, 1909 నుంచి ఉంది. 1670ల నాటి ఈస్టిండియా కంపెనీ కాగితాలు కూడా అందులో ఉన్నాయి. 1953 అక్టోబరు దాకా కోస్తా, సీమ, నెల్లూరు అన్నీ మద్రాసు కిందే కదా. మన ఊళ్ల భూముల గొడవ తేల్చుకోవడానికి ఇప్పటికీ రాత్రి బండెక్కి చెన్నై వచ్చేవాళ్లున్నారు. నువ్వు చేసే పని వాళ్ల కోసమని గుర్తుపెట్టుకో.

మామూలు సంగతులు నీకు నేను చెప్పక్కర్లేదు. మూడు కాపీలు, ఫైలు చెడితే పట్టిచ్చే చెక్‌సమ్ అంకె ప్రతి ఫైలుకీ, అసలు స్కాన్ నాణ్యత తగ్గని టిఫ్ ఫైల్లో, జనానికి పీడీఎఫ్. 2015 డిసెంబరు వరద చూసినదానివి, ఆ మూడో కాపీ కూడా చెన్నైలోనే పెడితే మాత్రం ఊరుకోను.

నా భయం వేరే. ఒక ఆఫీసులో జరిగింది చెబుతాను, పేరు వద్దులే. కాగితానికి ఇంత అని రేటు కట్టి స్కానింగ్ కాంట్రాక్టు ఇచ్చారు. కాగితాల లెక్క పెరిగితేనే డబ్బు కాబట్టి కుర్రాళ్లు కట్టల దారాలు కోసేసి, కాగితాలు విడివిడిగా మెషీన్లో పెట్టారు. వెనకవైపు తిప్పి చూసినవాడు లేడు. కలెక్టర్లు ఎన్నోసార్లు ఉత్తర్వు రాసింది ఆ వెనకవైపే. ఫైళ్లకు 0001, 0002 అని పేర్లు పెట్టి సీడీల్లో వేశారు. ఏ కట్టలో ఏముందో చేత్తో రాసిన రిజిస్టరు ఒకటుండేది. దాన్ని స్కాన్ చేయాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. ఆ తర్వాత గది ఖాళీ కావాలన్నారు, కట్టలు తూకానికి పోయాయి.

కొన్నేళ్లకు నెల్లూరు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఊరి పేరు, ఇనాం (మాన్యంగా ఇచ్చిన భూమి) టి.డి. నంబరు, అంటే టైటిల్ డీడ్ హక్కు పత్రం నంబరు, ఒక చీటీ మీద రాసుకొచ్చాడు. మామూలుగా అయితే ఆ రెండూ చాలు, గంటలో ఇనాం రిజిస్టరు తీసి ఇచ్చేవాళ్లం. ఆ సీడీల్లో ఊరి పేరూ లేదు, నంబరూ లేదు. బొమ్మ తర్వాత బొమ్మ తెరిచి చూస్తూ కూర్చున్నాం. కొన్ని సీడీలు అసలు తెరుచుకోలేదు. చివరికి ఆయన ఊరి పేజీ దొరికింది, కానీ సగమే. ఇనాం రిజిస్టరులో గడులు రెండు పేజీల మీదుగా పరుచుకుని ఉంటాయమ్మా. ఎడమ సగంలో భూమి వివరం, ఎవరికి ఇచ్చారో ఉంది. ఆ ఇనాంను ఇనాం కమిషనర్ ఖాయం చేశాడో లేదో రాసేది కుడివైపు చివరి గడిలో. ఆ పేజీ ఏ నంబరు కింద పోయిందో ఎవరికీ తెలియదు. ఆయన కోర్టు వాయిదా దగ్గరపడింది. ‘అసలు కాగితం చూపించండమ్మా’ అని అడిగాడు. ఏం చూపిస్తాం?

అందుకే చెబుతున్నా. మొదటి స్కాన్ ఏ కట్టలో ఏముందో రాసిన ఆ పాత రిజిస్టరుదే కావాలి. తాలూకా, ఊరు, సంవత్సరం, కట్ట నంబరు ఎక్కాకే రెండో కట్ట విప్పనివ్వు. రెండు పేజీలూ కలిపి ఒకే బొమ్మగా తీయించు. ఖాళీగా కనిపించినా సరే, వెనకవైపూ తీయించు. బైండింగ్ మడతలో సర్వే నంబర్లు దాక్కుంటాయి, అక్కడ వేలు పెట్టి చూడు. పాత సిరా కాగితాన్ని తినేసి అక్షరం ఉన్నచోట చిల్లు పెడుతుంది, అలాంటివాటిని పైనుంచి ఫోటో తీసే స్కానర్ మీదే పెట్టాలి, రోలర్లలోకి తొయ్యకూడదు.

స్కాన్లను కంప్యూటర్ టేపుల మీద దాస్తామని ఎవరైనా అంటే, ఏ ఏడు కొత్త టేపులకు మారుస్తారో, దానికి డబ్బెక్కడిదో అప్పుడే కాగితం మీద రాయించు. ఆ టేపుల్లో ఒక రకమైన ఎల్‌టీఓలో, తర్వాతి తరం ఎల్‌టీఓ-8 డ్రైవు పాత ఎల్‌టీఓ-6 టేపును చదవదని నాకంటే నీకే బాగా తెలుసు. ఆ సీడీల గతి మళ్లీ పట్టకూడదు.

వెతుకులాట సంగతి కూడా చూడు. ‘ఏలూరు’ అని తెలుగులో కొట్టినా ఇంగ్లీషువాళ్లు ‘ఎల్లోర్’ అని రాసిన పేజీలు రావాలి, ‘మచిలీపట్నం’ అంటే ‘మసూలిపటం’వీ రావాలి. ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల వెబ్‌సైట్ అభిలేఖ్ పటల్ ఒకసారి తెరిచి, రైతు కళ్లతో వెతికి చూడు. ఎక్కడ చిక్కుపడతావో రాసుకో.

మాస్కు లేకుండా కట్ట విప్పకు. ఆ దుమ్ముతో నాకు పట్టుకున్న దగ్గు ఇప్పటికీ వదల్లేదు. మధ్యాహ్నం భోజనం మానేస్తున్నావని కూడా మీ నాన్న చెప్పాడు. ఆ ఏసీ గదుల్లో ఖాళీ కడుపుతో కూర్చుంటే తల తిరుగుతుందే పిచ్చిపిల్లా. డబ్బా పట్టుకెళ్లు.

స్కాన్ అయ్యాక కూడా అసలు కాగితాలు చల్లని, తేమ లేని గదిలోనే ఉంటాయని, ఒక్క కట్టా బయటికి పోదని ఒప్పందంలో రాయించు. ఆ మాట లేకుండా సంతకం పెట్టకు. ఆదివారం ఆ డ్రాఫ్టు పట్టుకుని ఇంటికి రా, కళ్లజోడు పెట్టుకుని నేనూ ప్రతి లైనూ చదువుతాను. గోంగూర పచ్చడి చేసి ఉంచుతా.

మీ అత్తయ్య