టెక్ సందేహాలు: చైన్ ఊడుతోంది సరే, ఎటువైపు ఊడుతోంది?

ప్రశ్న: నా దగ్గర 21 గేర్ల మౌంటెన్ సైకిల్ ఉంది. కొని రెండేళ్లయింది. ఈమధ్య విజయవాడ నుంచి హైదరాబాద్‌కు ఇల్లు మారినప్పుడు దాన్ని సామాన్లతో పాటు లారీలో తెచ్చుకున్నాను. అప్పటి నుంచి చైన్ పదేపదే ఊడిపోతోంది. షాపులో మూడుసార్లు గేర్ సెట్టింగ్ చేయించినా వారం తిరక్కుండానే మళ్లీ మొదటికొస్తోంది. చైన్ మార్చాలా? ముందు ఒకే చైన్‌రింగ్ (పెడల్ దగ్గరి పళ్ల చక్రం) ఉండే కొత్తరకం సెట్ వేయించుకుంటే ఈ బాధ తప్పుతుందా?

జవాబు: ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల గురించి రాసీ రాసీ అలసిన ఈ శీర్షికకు సైకిల్ ప్రశ్న రావడం సంతోషమే. మీ ప్రశ్నలో లారీ ప్రయాణం ఉంది, మూడుసార్ల షాపు తిరుగుడు ఉంది గానీ, చైన్ ముందువైపు ఊడుతోందా వెనకవైపా, లోపలికి పడుతోందా బయటికా, ఏ గేరు నుంచి ఏ గేరుకు మారుస్తుండగా పడుతోంది అన్న ముక్క మాత్రం లేదు. బహుశా షాపులోనూ ఎవరూ అడిగి ఉండరు. ఆ ముక్క తెలియకుండా స్క్రూడ్రైవర్ పట్టుకోవడమంటే రోగమేదో అడగకుండా మాత్ర ఇవ్వడమే.

దాన్ని కనిపెట్టడానికి మీ ఫోనే చాలు. సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టండి, లేదా సీటుకు తాడు కట్టి వెనక చక్రం నేలకు తగలకుండా వేలాడదీయండి. ఫోన్‌ను ఓ స్టూలు మీద కదలకుండా ఆనించి, స్లో మోషన్ వీడియో పెట్టి, ఒక చేత్తో పెడల్ తిప్పుతూ రెండో చేత్తో గేర్లు ఒక్కొక్కటే మార్చండి. పెడల్ సెకనుకు ఒక చుట్టు తిరిగితే, సెకనుకు 240 ఫ్రేములు తీసే కెమెరాలో ఆ చుట్టు చూడటానికి దాదాపు 8 సెకన్లు పడుతుంది. కంటికి అందని సంగతి అందులో తీరుబడిగా కనిపిస్తుంది.

చైన్‌ను ఒక పళ్ల చక్రం మీది నుంచి ఇంకో దాని మీదికి నెట్టే భాగాన్ని డీరైలర్ అంటారు. మీ సైకిల్‌కు ముందొకటి, వెనకొకటి ఉంటాయి. ఒక్కో దానికి రెండేసి చిన్న స్క్రూలు, వాటి పక్కన సాధారణంగా ఎల్, హెచ్ అనే ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. అవి డీరైలర్ ఎంతవరకు కదలవచ్చో చెప్పే సరిహద్దు రాళ్లు. చైన్ ముందువైపు చిన్న చైన్‌రింగ్ దాటి ఫ్రేమ్ మీద పడుతుంటే ముందు డీరైలర్ ఎల్ స్క్రూను, పెద్ద చైన్‌రింగ్ దాటి పెడల్ వైపు పడుతుంటే హెచ్ స్క్రూను బిగించాలి. వెనక పెద్ద పళ్ల చక్రానికీ స్పోకులకూ మధ్య ఇరుక్కుంటుంటే ఎల్, చిన్న చక్రానికీ ఫ్రేమ్‌కూ మధ్య ఇరుక్కుంటుంటే హెచ్. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే సరిహద్దు దగ్గరికి జరుగుతుంది. ఒక్కసారికి పావు చుట్టుకు మించి తిప్పకండి, తిప్పిన ప్రతిసారీ పెడల్ తిప్పి చూడండి. ముందు డీరైలర్ పంజరం, అంటే చైన్‌ను రెండువైపులా పట్టి నెట్టే రేకుల జత, పెద్ద చైన్‌రింగ్ పళ్లకు 1 నుంచి 3 మిల్లీమీటర్ల ఎత్తులో, ఆ చక్రానికి సమాంతరంగా ఉండాలి. అది పక్కకు తిరిగి ఉంటే స్క్రూలు ఎంత తిప్పినా లాభం లేదు.

అయితే ఈ స్క్రూలు మామూలుగా వాటంతట అవి వదులు కావు. వారానికోసారి సెట్టింగ్ చెడుతోందంటే తప్పు స్క్రూలో కాక మరెక్కడో ఉందని అర్థం. లారీ మాట వినగానే నాకు తట్టింది హ్యాంగర్. వెనక డీరైలర్‌ను ఫ్రేమ్‌కు పట్టి ఉంచే చిన్న లోహపు చెవి అది. అల్యూమినియం ఫ్రేముల్లో దాన్ని కావాలనే మెత్తటి లోహంతో చేస్తారు. దెబ్బ తగిలితే ఫ్రేమ్‌కు బదులు అది వంగుతుంది. డీరైలర్ ఉండే కుడివైపు మీదికి లారీలో బీరువా ఒరిగితే చాలు. సైకిల్ వెనక మోకాళ్ల మీద కూర్చుని, ఒక కన్ను మూసి, డీరైలర్ కింద ఉన్న రెండు చిన్న పళ్ల చక్రాలను చూడండి. అవి పైనున్న పళ్ల చక్రాలతో ఒకే తిన్నని గీతలో ఉండాలి. కింది చక్రం స్పోకుల వైపు ఒరిగి కనిపిస్తే హ్యాంగర్ వంగినట్టే. ఆ వంపును స్క్రూలతో సర్దితే కొన్ని గేర్లు కుదిరి, మిగతావి చెడతాయి. ఏదో ఒకనాడు డీరైలర్ స్పోకుల్లో చిక్కుకుని చక్రం మొత్తం పాడవుతుంది కూడా. హ్యాంగర్‌ను సరిచేయడానికి చక్రపు అంచు నుంచి దూరం కొలిచే ప్రత్యేకమైన పనిముట్టు ఉంటుంది. అది ఉన్న షాపుకే వెళ్లండి, కటింగ్ ప్లేయర్‌తో వంచబోయేవారికి ఇవ్వకండి.

హ్యాంగర్ తిన్నగానే ఉంటే వీడియోను మళ్లీ చూడండి. కింద వేలాడే డీరైలర్ చెయ్యి ఉలిక్కిపడినట్టు ఎగిరే క్షణాలను లెక్కపెట్టండి. పెడల్ చుట్టుకొకసారి ఎగిరితే ముందు చైన్‌రింగ్‌లో ఏదో పన్ను వంగింది. మూడు చుట్లు దాటాక ఒకసారి ఎగిరితే చైన్‌లో ఒక లింకు బిగుసుకుపోయింది. సుమారు 110 లింకుల చైన్, 34 పళ్ల మధ్య చైన్‌రింగ్ మీద పూర్తిగా ఒకసారి తిరిగి రావడానికి మూడు చుట్ల పైచిలుకు పడుతుంది మరి. ఆ లింకును వేళ్లతో అటూ ఇటూ పక్కలకు కదిపి, నూనె చుక్క వేస్తే చాలాసార్లు వదులవుతుంది.

ఇక చైన్ మార్చాలా అన్నది స్కేలు చెబుతుంది. పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం అరంగుళం కాబట్టి, ఒక పిన్ను మధ్యను సున్నాగా పెట్టుకుని, దాని తర్వాతి పిన్నును ఒకటిగా లెక్కపెడితే 24వ పిన్ను మధ్యభాగం సరిగ్గా 12 అంగుళాల గీత మీదికి రావాలి. అంగుళంలో పదహారో వంతు దాటితే చైన్ మార్చండి. ఎనిమిదో వంతు దాటితే వెనక ఫ్రీవీల్ (వెనక పళ్ల చక్రాల గుత్తి) పళ్లూ అరిగి ఉంటాయి, కొత్త చైన్ వాటి మీద జారుతుంది. చైన్ సాగిందంటారే, అది ఇనుము సాగడం కాదు, పిన్నుల దగ్గర అరగడం. మట్టి, నూనె కలిసి గరుకు కాగితంలా పనిచేస్తాయి. అందుకే చైన్ లింకుల నడుమ తిరిగే ఒక్కో రోలర్‌కు ఒక్క చుక్క నూనె వేసి, పైనంతా గుడ్డతో తుడిచెయ్యాలి. వాడిన ఇంజిన్ ఆయిల్ పూయడం మన ఊళ్లలో అలవాటే గానీ, దుమ్మును పిలిచి కూర్చోబెట్టడానికి అంతకన్నా మంచి ఉపాయం లేదు.

తొక్కే పద్ధతిలో రెండు మార్పులు చేసుకోండి. ఎత్తు ఎక్కుతూ, బలమంతా పెడల్ మీద వేసి ముందు గేరు మార్చకండి. ఎత్తు మొదలుకాక ముందే మార్చి, మార్చే క్షణంలో కాలు తేలిక చేయండి. ముందు చిన్నది, వెనకా చిన్నదిగా పెట్టుకుని గతుకుల్లో తొక్కకండి, చైన్ అక్కడే బాగా వదులుగా ఊగుతుంది.

ఒకే చైన్‌రింగ్ సంగతి. 2012లో స్రామ్ సంస్థ ఒక సన్నపన్ను, ఒక వెడల్పుపన్ను వరుసగా ఉండే చైన్‌రింగ్‌ను ఎక్స్ఎక్స్1 సెట్‌తో తెచ్చింది. చైన్ లింకుల్లోని ఇరుకు, వెడల్పు ఖాళీలకు అవి సరిగ్గా సరిపోతాయి. డీరైలర్ చెయ్యి ఊగకుండా పట్టి ఉంచే క్లచ్ దానికి తోడు. ముందు డీరైలరే ఉండదు. నిజంగా మంచి ఏర్పాటే, కానీ మీ సైకిల్‌కు అమర్చాలంటే షిఫ్టర్ (హ్యాండిల్ మీద గేర్లు మార్చే మీట), వెనక డీరైలర్, చైన్, చాలాసార్లు వెనక చక్రం హబ్‌తో సహా మార్చాలి. ఒక వంగిన హ్యాంగర్ కోసం అంత ఖర్చు నేను పెట్టను.

ప్రశ్న: మా పాప సైకిల్‌కు గేర్లే లేవు. అయినా చైన్ ఊడుతోంది. దానికీ సెట్టింగ్ ఉంటుందా?

జవాబు: దానికి స్క్రూలేమీ ఉండవు, చైన్ వదులైంది, అంతే. వెనక చక్రం నట్లు రెండూ కొద్దిగా సడలించి, చక్రాన్ని వెనక్కి లాగండి. పెడల్ నెమ్మదిగా తిప్పుతూ చైన్ అన్నిటికన్నా బిగువుగా ఉన్నచోట ఆపి, మధ్యలో వేలితో నొక్కితే అరంగుళం కదలాలి. మరీ బిగించినా పెడల్ బరువెక్కి, బేరింగులు పాడవుతాయి. చక్రం ఫ్రేమ్‌కు సరిగ్గా నడుమ ఉందో లేదో చూసి, నట్లు కొంచెం కొంచెంగా రెండువైపులా బిగించండి. చక్రం వెనక్కి జరిగింది కాబట్టి బ్రేక్ రబ్బర్లు రిమ్‌కు తగిలే చోటు కూడా మారుతుంది. పాపకు ఇచ్చేముందు ఒకసారి బ్రేకు పట్టి చూడండి.