పాత పోర్షే 911 కొనేముందు

చి. కార్తీక్‌కు ఆశీస్సులు.

గాలితో చల్లబడే 911 కొనాలని ఉందని రాశావు. చాలా సంతోషం. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో తొలిసారి కనిపించిన రోజు నుంచి 1998లో గాలితో చల్లబడే చివరి రకం 993 ఆగిపోయేదాకా వీటిలో ఎన్నో రకాలొచ్చాయి. మొదటిసారి కొంటున్నావు కాబట్టి 1978-83 నాటి 911 ఎస్‌సీ, 1984-89 నాటి కరేరా 3.2 (3.2 లీటర్ల ఇంజిన్), ఈ రెండు మోడళ్లలోనే వెతుకు. వాటికి ముందరి 2.7 లీటర్ల ఇంజిన్ కేస్ మెగ్నీషియంది. వేడికి అది మెత్తబడి హెడ్ స్టడ్లు, అంటే సిలిండర్ హెడ్లను కేస్‌కు బిగించే పొడవాటి బోల్టులు, మరలతో సహా పైకి లేచొస్తాయి. ఎస్‌సీ నుంచి కేస్ అల్యూమినియంది. బాడీకి జింకు పూత 1976 మోడల్ నుంచే ఉంది. అయినా తలుపుల కింది అంచులు, ముందు డిక్కీలో బ్యాటరీ కింద, ముందు అద్దం చుట్టూ తుప్పు చూడక తప్పదు.

పెయింట్ మెరుపుకు పడిపోవద్దు. డబ్బు తినేది ఇంజినే. ఆరు సిలిండర్లకూ లీక్‌డౌన్ పరీక్ష (సిలిండర్లోకి గాలి పట్టించి ఎంత కారిపోతుందో చూడటం) చేయించు. ఒక్కొక్కదాని లీకు 10 శాతం లోపు ఉండాలి, ఒకదానికొకటి దగ్గరగానూ ఉండాలి. ఎస్‌సీ అయితే కింది వాల్వ్ కవర్లు తప్పకుండా విప్పించు. ఎగ్జాస్ట్ వైపు వరుసలో స్టడ్లు విరగడం దానికి పాత జబ్బు. విరిగితే నట్టు ఆ కవర్లోనే దొరుకుతుంది. బాగుచేయాలంటే ఇంజిన్ దించి పైభాగమంతా విప్పాలి. ఆ ఖర్చు ధరలో తగ్గించమని నిర్మొహమాటంగా అడుగు. స్టార్ట్ చేయగానే కాసేపు నీలంపొగ వస్తే కంగారుపడకు. సిలిండర్లు పడుకుని ఉంటాయి గనక నిలిపి ఉంచినప్పుడు కాస్త ఆయిల్ లోపలికి చేరుతుంది. వేడెక్కాక కూడా యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా పొగ వస్తుంటే వాల్వ్ గైడ్లు (వాల్వు కాడ కదిలే గొట్టాలు) అరిగినట్టే, 3.2లో ముఖ్యంగా.

ఈ ఇంజిన్ గుట్టంతా ఆయిల్లో ఉంది. నీళ్లు లేవు కదా, వేడిని బయటికి మోసే పని ఫ్యాన్ గాలి, ఆయిల్ పంచుకుంటాయి. ఆయిల్ ఇంజిన్ అడుగున కాక వెనక కుడివైపు వేరే ట్యాంకులో ఉంటుంది. అందుకే ఇంజిన్ అంత కిందికి కూర్చుంటుంది, మలుపులో ఎంత గట్టిగా తిప్పినా పంపుకు ఆయిల్ అందుతుంది. మట్టం చూసే పద్ధతీ అందుకే వేరు: ఇంజిన్ పూర్తిగా వేడెక్కాలి, సమతలం మీద ఐడిల్‌లో నడుస్తూ ఉండాలి. చల్లగా ఉన్నప్పుడు చూసి తక్కువనుకుని పోస్తే ఎక్కువైంది కాస్తా గాలి గొట్టాల్లోకి ఎక్కి పొగలు కక్కుతుంది. మార్చినప్పుడు దాదాపు 10 లీటర్లు పడుతుంది. డాలస్ ఎండలకు జింకు ఉన్న 20డబ్ల్యూ-50 రకం ఆయిల్ వాడు.

ఫ్యానూ ఆల్టర్నేటరూ ఒకే ఇరుసు మీద ఒకే బెల్టుతో తిరుగుతాయి. అంచేత బ్యాటరీ ఎర్రలైటు వెలిగితే ఛార్జింగ్ పోయిందిలే, ఇల్లు చేరాక చూద్దాం అనుకోకు. బెల్టు తెగి ఉండవచ్చు, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే గాలీ ఆగిపోయినట్టే. వెంటనే పక్కకు తీసి ఇంజిన్ ఆపు. కారులో ఎప్పుడూ ఒక కొత్త బెల్టు, పుల్లీ విప్పే స్పానర్ ఉండాలి.

ప్రతి 24,000 కిలోమీటర్లకూ 12 వాల్వుల గ్యాప్ (వాల్వుకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య సందు) సరిచేయాలి. రాత్రంతా చల్లారిన ఇంజిన్ మీద, గ్యాప్ 0.10 మిల్లీమీటర్. మొదటి సిలిండర్ నుంచి 1-6-2-4-3-5 వరుసలో క్రాంక్‌ను ఒక్కోసారి 120 డిగ్రీలు తిప్పుతూ పోవాలి. గ్యాప్ బిగువైతే వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. ఎస్‌సీకి ఎయిర్‌బాక్స్‌లో, అంటే ఇంజిన్‌కు గాలి అందించే ప్లాస్టిక్ పెట్టెలో, ఒత్తిడిని బయటికి వదిలే పాప్-ఆఫ్ వాల్వ్ ఉందో లేదో చూడు. లేకపోతే చలిలో స్టార్ట్ చేసేటప్పుడు వెనక్కి పేలి ఆ ప్లాస్టిక్ పెట్టె పగులుతుంది. వాల్వు ఖరీదు చాలా తక్కువ.

నడపడంలో ఒకటే గుర్తుంచుకో. బరువంతా వెనక ఉంది. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ వదిలావా, బరువు ముందుకు జరిగి వెనక చక్రాల పట్టు పోతుంది, తోక తిరుగుతుంది. బ్రేకు మలుపుకు ముందే వెయ్యి, లోపల మెల్లగా యాక్సిలరేటర్ ఇస్తూ బయటికి రా. అప్పుడు అదే బరువు వెనక టైర్లను రోడ్డుకు అదిమి పడుతుంది. ఈ కారును జనం ఇంతగా ఎందుకు ప్రేమిస్తారో ఆ క్షణంలో తెలుస్తుంది.

చూసొచ్చాక ఆరు సిలిండర్ల అంకెలూ, కింది కవర్లు విప్పిన ఫొటోలూ నాకు పంపు. అంతవరకు అడ్వాన్సు ఇవ్వకు.

మీ మావయ్య