గట్టిమేళం మోగగానే చెవులు మూసుకున్నాడు

ప్రశ్న: మా మనవడికి ఆరేళ్లు. ఆటిజం అని నిరుడు చెప్పారు. మొన్నొక పెళ్లిలో గట్టిమేళం మొదలవగానే చెవులు మూసుకుని, కింద పడి ఒకటే కేకలు. 'గారాబం చేసి పాడుచేశారు' అని కొందరు, 'టీకాల వల్లే' అని ఒకాయన. మా కోడలు ఇక ఏ శుభకార్యానికీ రానంటోంది. వచ్చే నెల మా గృహప్రవేశం. ఏం చేయను?
- ఒక నాయనమ్మ, తణుకు

జవాబు: నమస్కారమండీ. మా అబ్బాయికి ఇప్పుడు ఇరవై రెండేళ్లు. చిన్నప్పుడు మిక్సీ వేస్తే గోడకేసి తల కొట్టుకునేవాడు. మొండితనమనుకుని రెండేళ్లు వాడి మీద అరిచాను. మిక్సీకి తోడు నా గొంతు కూడా!

ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకు చప్పుడు, వెలుతురు, వాసన, బట్టల గరుకు మనకన్నా ఎక్కువగా తగులుతాయి. పెళ్లిలో సన్నాయి, డోలు, వీడియో లైట్లు, బుగ్గలు గిల్లే చేతులు, అన్నీ ఒకేసారి. అప్పుడు 'ఏమైంది నాన్నా' అని పదిమంది అడగడం కూడా భారమే. మాట్లాడకుండా బయటికి తీసుకెళ్లి, పక్కన కూర్చుంటే చాలు.

కార్యం మీ ఇంట్లోనే కాబట్టి సగం పని తేలిక. వాణ్ణి ముందే రెండు మూడుసార్లు కొత్తింటికి తీసుకెళ్లండి. ఆవు, పాలు పొంగించడం, హోమం, భోజనం... ఏది తర్వాత ఏదో ఫోన్‌లో ఫొటోలు చూపించండి. ఒక గది వాడికే వదిలేయండి. అందులో చుట్టాల పెట్టెలు, చీరలు మార్చుకోవడాలు కుదరవని ముందే చెప్పాలి (అన్నిటికన్నా కష్టం ఇదే). మేళానికి మైకు వద్దు. పట్టుపంచె బదులు పాత కాటన్ చొక్కా, తన కంచంలో తన పెరుగన్నం. కాళ్లకు దండం పెట్టమని బలవంతం చేయకండి.

పెంపకం వల్ల ఆటిజం రాదు. టీకాల వల్లా రాదు. ఆ అనుమానం రేపిన 1998 నాటి వ్యాసాన్ని అచ్చువేసిన లాన్సెట్ వైద్య పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. అన్నట్టు, 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. వైకల్య సర్టిఫికెట్ ఇంకా లేకపోతే తీసుకోండి. అది ఉంటే కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య బీమా 'నిరామయ'లో చేరవచ్చు. థెరపీలతో కలిపి ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చు వస్తుంది.

ఇక మీ కోడలి సంగతి. ఆ పెళ్లిలో కేకలు వేస్తున్న పిల్లాణ్ణి ఎత్తుకుని బయటికి పరిగెత్తింది ఎవరు? ఆమే అయ్యుంటుంది. రేపు పీటల మీద కొడుకూ కోడలూ కూర్చుంటే, ఆ రెండు గంటలూ వాడి దగ్గర ఎవరుంటారో ఇప్పుడే తేల్చుకోండి. మీరైతే మేలు. వచ్చినవాళ్లకు బొట్టు పెట్టడం మీ ఆడపడుచుకు అప్పగించి, ఆ మాట ఇవాళే కోడలికి చెప్పండి.