రన్ అంటే పరిగెత్తడమేనా?

ప్రశ్న: మాది మహారాష్ట్ర సరిహద్దులోని సిరోంచ. ఇంట్లో తెలుగు, అమ్మాయి చదువు మరాఠీ మీడియం, ఇప్పుడు పన్నెండో తరగతి. మొన్న టెస్టులో ‘రన్ అవుట్ ఆఫ్ షుగర్’ అంటే చక్కెర దగ్గర్నుంచి పరిగెత్తడమని రాసింది. మా బంధువులంతా నవ్వారు. తనేమో బీఏ ఇంగ్లీష్ చదువుతానంటోంది. దానికన్నా హైదరాబాద్‌లో మూడు నెలల స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సు మేలా?

జవాబు: బంధువులు నవ్వారంటే ఆ పేపర్ వాళ్లకు చూపించింది మీరే కదా! ముందు ఆ పని మానండి. సరిహద్దు ఊరి పిల్ల సిటీ పిల్లల ముందు తేలిపోతుందేమోనన్నది మీ అసలు టెన్షన్. అది అమ్మాయికి అంటించకండి.

రన్ అనే క్రియకు 645 అర్థాలున్నాయని ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు సంపాదకులు 2011లో లెక్క తేల్చారు. ఇంగ్లీషువాళ్లు కూడా వాటిని బట్టీ పట్టరు. ఇంట్లో మీరు నిద్ర పట్టింది, జలుబు పట్టింది, తుప్పు పట్టింది, గంట పట్టింది అంటుంటే మీ అమ్మాయి ఏ లిస్టూ చూడకుండానే అర్థం చేసుకుంది. బడిలో మరాఠీలో భూక్ లాగలీ (ఆకలేసింది), ఆగ్ లాగలీ (నిప్పంటుకుంది), వేళ్ లాగతో (టైం పడుతుంది) అన్నా అంతే. రెండు భాషల్లో చేసిన పని మూడోదాంట్లో చేయలేదా?

రన్‌ను పక్కనున్న మాటతో కలిపి చదవమనండి. ముక్కు రన్ అయితే కారుతోందని, షాపు రన్ చేస్తే నడపడమని, బస్సు ఆదివారం రన్ అవదంటే ఆ రోజు తిరగదని. రన్ ఇన్‌టు అంటే అనుకోకుండా ఎదురుపడడం. రన్ అవుట్ ఆఫ్ అంటే అయిపోవడం. క్రికెట్ రన్ అవుట్ వేరు, పిల్లలు చాలామంది తికమకపడేది అక్కడే. చదివిన పాఠంలో కనబడిన వాక్యాన్నే నోట్‌బుక్‌లో రాసుకుంటే చాలు.

స్పోకెన్ కోర్సుల మీద నాకు నమ్మకం తక్కువ. చాలాచోట్ల సెల్ఫ్ ఇంట్రడక్షన్ కంఠతా పట్టించి, నూరు పదాల షీటు చేతిలో పెడతారు. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్న పడగానే పిల్లలు ఆగిపోతారు. హాస్టల్ ఖర్చు మాత్రం మీ నెత్తిన పడుతుంది. మాట్లాడే ధైర్యం చదవడం, వినడం, తప్పు మాట్లాడినా ఎవరూ నవ్వని చోటు ఉండడం వల్ల వస్తుంది. ఆ చోటు మీ ఇల్లే కావాలి.

బీఏలో చేర్పించండి. మూడు భాషలొచ్చిన పిల్లకు టీచింగ్, అనువాదం రెండూ అందుతాయి. గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాల కాలేజీలకు గోండ్వానా విశ్వవిద్యాలయం ఉంది. హైదరాబాదే కావాలంటే అక్కడి ఇంగ్లీష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో బీఏకి ప్రయత్నించనివ్వండి, ఇప్పుడు సీటు రాకపోతే ఎంఏకి వెళ్లొచ్చు.